నవల రాయడం, ఇంటిపని, పుస్తకం ప్రచారం: మూడూ ఒక్క మనిషే చేయాలంటే ఎలా?

మల్లెపందిరి (తెనాలి) · సోమవారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయలేదు. ఈరోజు అడగక తప్పలేదు.

మొదటి నవల కిందటేడాది సొంత ఖర్చుతో వేసుకున్నాను, 500 కాపీలు. సగం పైగా పోయాయి. మిగతావి మంచం కింద కట్టలుగా ఉన్నాయి. రెండోది మంగళగిరి మగ్గాల చుట్టూ నడిచే కథ. సగానికి వచ్చి ఆగిపోయింది.

పొద్దున ఐదింటికి లేస్తే వాకిలి, పాలు, పిల్లలిద్దరి క్యారేజీలు, ఆయన టిఫిను. అత్తయ్యగారికి షుగర్, ఆవిడ వంట వేరే. పదకొండింటికి గానీ ఊపిరి సలపదు. అప్పుడు కూర్చుందామంటే ఫోను. "మేడం, పుస్తకం ఎలా తెప్పించుకోవాలి?" "డబ్బులు వేశాను, స్క్రీన్‌షాట్ చూడండి." "మా గ్రూపులో పరిచయం చేస్తాం, ఫొటో, వివరాలు పంపండి." ఇవన్నీ నాకు సంతోషమే. ఒక్కో పాఠకురాలు ఫోన్ చేసి మాట్లాడితే ఆ రోజంతా నేల మీద ఉండను. కానీ అవి అయ్యేసరికి ఒంటి గంట. మూడున్నరకి ట్యూషన్ పిల్లలు వచ్చేస్తారు.

కథలో నా అమ్మాయి గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని, నాడె (పోగును అటూ ఇటూ తీసుకెళ్ళే సాధనం) చేతిలో పట్టుకుని కూర్చుంది. అత్తగారు ఒక మాట అన్నారు. దానికి ఈ అమ్మాయి జవాబు చెప్పాలి. ఆ జవాబు నాకు దొరకాలంటే ఆ గదిలో, ఆ చెమటలో నేనూ కాసేపు కూర్చోవాలి. మధ్యలో కుక్కర్ కూసినా ఫోను మోగినా ఆ గది మాయమైపోతోంది. మీరంతా ఎలా రాస్తున్నారు? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

వేపచెట్టునీడ (కరీంనగర్) · సోమవారం రాత్రి 11:03

అమ్మా మల్లెపందిరీ, నేను హైస్కూల్లో తెలుగు చెబుతూనే రాశాను. రిటైరై చాలా ఏళ్ళయింది. ముందు ఒక్క మాట చెప్పనివ్వండి. మీకు క్రమశిక్షణ లేక నవల ఆగలేదు. మీరు చేస్తున్నవి మూడు ఉద్యోగాలు. అందులో ఒకటి మా తరానికి లేదు.

1960ల నుంచి 80ల దాకా యువ, జ్యోతి, ఆంధ్రప్రభ, ఆంధ్రభూమి లాంటి పత్రికల్లో ఆడవాళ్ళ సీరియల్స్ ఎట్లా వచ్చేవో మీ అమ్మగారిని అడగండి. ఆ రచయిత్రులకి ఇంటిచాకిరీ ఏం తక్కువ కాదు. చాలామంది ఇళ్ళల్లో గ్యాస్ పొయ్యి కూడా లేదు. కానీ ప్రచారం వాళ్ళ పని కాదు. "వచ్చే వారం నుంచి కొత్త సీరియల్" అని పత్రికే ప్రకటన వేసేది. బాపు లాంటివాళ్ళు బొమ్మలు వేసేవారు. పాఠకుల ఉత్తరాలు పత్రిక ఆఫీసుకే పోయేవి. తర్వాత ఏ విజయవాడ పబ్లిషరో పుస్తకంగా వేసేవారు, అద్దె లైబ్రరీల వాళ్ళు కొనేవారు. రచయిత్రి పని వారం వారం పేజీలు పోస్టులో వేయడమే. పైగా గడువు ఉండేది కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా "రేపు పోస్టు ఉంది, ఆమెను కదపకండి" అనేవారు.

ఇప్పుడా గడువూ లేదు, ఆ ఆఫీసూ లేదు. కరోనా ఏడాది కొన్ని వారపత్రికల అచ్చు ఆగిపోయాక ఉన్న దారి ఇంకా ఇరుకైంది. ఒక ఆఫీసు మొత్తం చేసిన పని మీ ఫోన్లోకి వచ్చి కూర్చుంది. మీరు అలసిపోవడంలో వింత ఏముంది?

రాత గురించి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. అధ్యాయం పూర్తిచేసి లేవకండి. సంభాషణ మధ్యలో, తర్వాతి మాట ఏమిటో తెలిసినప్పుడే ఆపండి. ఆ మాటను పేజీ కింద రాసిపెట్టుకోండి. మర్నాడు కాగితం ముందు కూర్చోగానే గది అక్కడే ఉంటుంది. బియ్యం కడుగుతున్నా ఆ మాట నోట్లో ఆడుతుంది.

కాలువగట్టు (హైదరాబాద్) · మంగళవారం ఉదయం 7:20

మేడం, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒక నవల వచ్చింది. నా పద్ధతి చెప్తాను. ప్రచారానికి ఆదివారం సాయంత్రం మాత్రమే. వారానికి సరిపడా పోస్టులు అప్పుడే రాసి పెట్టుకుంటాను. నవలలోంచి నాలుగు వాక్యాలు, అట్ట ఫొటో, ఎవరైనా పాఠకులు రాసిన మాట. తర్వాత రోజుకొకటి వేయడమే. ఆర్డర్లకి గూగుల్ ఫారం పెట్టాను. పేరు, చిరునామా, పిన్‌కోడ్, చెల్లింపు వివరం అన్నీ వాళ్ళే నింపుతారు. వాట్సాప్‌లో ఎవరు అడిగినా ఆ లింకే పంపిస్తాను. సగం సంభాషణ తగ్గిపోయింది.

రాయడం రాత్రి పది నుంచి పన్నెండు. ప్లానింగ్ ఉంటే టైం దొరుకుతుందండీ.

ఎర్రమందారం (అనంతపురం) · మంగళవారం ఉదయం 9:45

కాలువగట్టు గారూ, గూగుల్ ఫారం మాట బంగారం. కానీ చివరి వాక్యం దగ్గర ఆగుతాను. రాత్రి పదికి మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారు? మర్నాటి దోసెల పిండి ఎవరు రుబ్బి పెట్టారు? ఎత్తిపొడవడానికి కాదు, లెక్క తెలియాలని అడుగుతున్నాను.

కేంద్ర గణాంకశాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపని చేస్తున్నవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. పిల్లలనీ పెద్దవాళ్ళనీ చూసుకోవడం ఇందులో కలవలేదు. 15 నుంచి 59 ఏళ్ళ మధ్య ఆ పని చేస్తున్నవాళ్ళలో ఆడవాళ్ళు 140 నిమిషాలు, మగవాళ్ళు 74. రెండూ కలిపితే ఒక ఉద్యోగం డ్యూటీ అంత ఉంది. అది అయ్యాక మిగిలిన దాంట్లోంచి నవల తీయమంటే ఎవరి ప్లానింగ్ సరిపోతుంది?

మల్లెపందిరి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. వాకిలి నుంచి ట్యూషన్ దాకా మీరు చెప్పిన పనుల్లో ఇంకొకరి చేయి పడ్డ పని ఒక్కటీ కనబడలేదు. పిల్లలకి ఎన్నేళ్ళు?

మల్లెపందిరి · మంగళవారం మధ్యాహ్నం 12:50

అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, పాప తొమ్మిదో తరగతి. ఆయన మంచివారే. అడిగితే చేస్తారు.

ఎర్రమందారం · మంగళవారం మధ్యాహ్నం 1:15

ఆ "అడిగితే" దగ్గరే ఉంది అసలు బరువంతా. కందిపప్పు అయిపోవచ్చిందని గుర్తుపెట్టుకోవడం, గ్యాస్ బుక్ చేయడం, అత్తయ్యగారి మాత్రలు ఎన్ని మిగిలాయో చూసుకోవడం, ఎవరికి ఏం చెప్పాలో తలచుకోవడం. చేతులు ఖాళీ అయినా బుర్ర ఖాళీ కాదు. నవల నడవాల్సింది ఆ బుర్రలోనే కదా.

అందుకే సాయం అడగకండి, పని మొత్తంగా అప్పగించండి. మా ఇంట్లో రాత్రి వంట మా ఆయనది. వంట అంటే గరిట తిప్పడం ఒక్కటే కాదు. ఏం కూర చేయాలో అనుకోవడం, కూరగాయలు తేవడం, పప్పు నానబెట్టడం, చివర్లో స్టవ్ తుడవడం దాకా ఆయనదే. మొదట్లో వారం వారం బెండకాయ వేపుడే. నేను నోరు తెరవలేదు. అదే ముఖ్యం. మనం వెనక నుంచుని ఉప్పు చెబుతూ ఉంటే ఆ పని మళ్ళీ మన తలకే చుట్టుకుంటుంది.

కాలువగట్టు · మంగళవారం సాయంత్రం 6:30

ఎర్రమందారం గారూ, మీ ప్రశ్నకి సూటిగా జవాబు: అంట్లు పనమ్మాయి తోముతుంది, పిండి మా ఆవిడ చూస్తుంది. ఆవిడకీ ఉద్యోగం ఉంది. మీరు చెప్పిన అంకెలు రాత్రి భోజనాల దగ్గర ఆవిడకి చదివి వినిపిస్తాను. మాట్లాడుకుంటాం.

పాలపిట్ట (ఖమ్మం) · మంగళవారం రాత్రి 8:05

నాకు ఏడాదిన్నర పాప. మీరంతా గంటా రెండు గంటలు అంటున్నారు, నాకు ఇరవై నిమిషాలు వరుసగా దొరకడం లేదు. కొన్ని కథలు పత్రికల్లో వచ్చాయి, నవల మొదలుపెట్టాలని ఉంది. ఫేస్‌బుక్‌లో కనబడకపోతే మర్చిపోతారేమోనని భయం. రోజూ ఏదో ఒకటి పెడుతున్నాను. ఆపేయనా?

వేపచెట్టునీడ · మంగళవారం రాత్రి 8:40

ఆపేయ్ బిడ్డా. ఇంకా రాని పుస్తకానికి ప్రచారం దేనికి? నీ కథ నచ్చినవాళ్ళు మూడేళ్ళ తర్వాత నవల వచ్చినా గుర్తుపడతారు. దొరికే ఆ ఇరవై నిమిషాలు ఫోన్లో పోస్తే నీ దగ్గర ఏం మిగుల్తుంది? పాప పక్కన పడుకున్నప్పుడు ఒక్క పేరా. అది చాలు ఇప్పటికి. నవల అంటే వరుసగా మొదటి అధ్యాయం నుంచే రాయాలని లేదు. నీకు బాగా కనబడుతున్న సన్నివేశం ఏదైతే అది రాసి పెట్టుకో. అతుకులు తర్వాత వేసుకోవచ్చు.

కట్టలబండి (విజయనగరం) · మంగళవారం రాత్రి 9:30

నేను రచయితని కాదు, రచయిత్రి భర్తని. ఈ చర్చ మా ఆవిడే చూపించింది. ఎర్రమందారం గారు చెప్పినట్టు మా ఇంట్లో ఒక పని మొత్తంగా నాది: పుస్తకాలు పంపడం. ఆర్డర్ రావడం దగ్గర్నుంచి అందిందని కబురు వచ్చేదాకా ఆవిడ వేలు పెట్టదు. మల్లెపందిరి గారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు వేరే సిమ్ ఒకటి తీసుకోండి. అట్ట వెనకా, పోస్టుల్లోనూ ఆ నంబరే వేయండి. ఆ ఫోను ఇంట్లో రాయని మనిషి దగ్గర ఉండాలి. మా ఆవిడతో మాట్లాడాలనుకునే పాఠకులకి సాయంత్రం ఐదు తర్వాత చేయమని నేనే చెప్తాను. ఒక్కరూ నొచ్చుకోలేదు. పైగా "ఆమె రాసుకుంటున్నారా? అయితే తొందరేం లేదండీ" అంటారు.

ప్యాకింగ్: ముందు ప్లాస్టిక్ కవరు, దాని మీద అట్టముక్క, ఆ పైన బ్రౌన్ పేపరు. మూలలు నాలుగూ టేపుతో బిగించాలి. పుస్తకం దెబ్బతినేది మూలల్లోనే. వానాకాలం ప్లాస్టిక్ కవరు లేకుండా పంపితే పేజీలు ఉబ్బిపోయి అందుతాయి. చిరునామా మీద ఫోన్ నంబరు తప్పనిసరి. పల్లెటూళ్ళకి పోస్ట్‌మాన్ ముందు ఫోన్ చేసే వస్తాడు.

ఖర్చు: 2024 డిసెంబర్‌లో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ (పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే పద్ధతి) ఎత్తేశాక మాలాంటివాళ్ళం చాలా ఇబ్బంది పడ్డాం. 150 రూపాయల పుస్తకానికి పోస్టేజీ ఎంత వేయాలో తెలిసేది కాదు. 2025 మే 1 నుంచి తపాలాశాఖ జ్ఞాన్ పోస్ట్ అని మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. ట్రాకింగ్ ఉంటుంది. విమానంలో కాకుండా నేల మీద వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యం. ప్రకటనలున్న పుస్తకాలు తీసుకోరు. మీ పుస్తకం ఆ కోవలోకి వస్తుందో లేదో కౌంటర్లో ఒక కాపీ చూపించి అడగండి. రెండొందల పేజీల డెమీ సైజు (మామూలు నవల సైజు) నవల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద అట్టతో కలిపి 230 గ్రాముల దగ్గర తూగుతుంది. ప్యాకింగ్ చేశాక 300 లోపే ఉంచుకోవచ్చు. రెండో నవల అచ్చుకి ఇచ్చేటప్పుడు కాగితం మందం, పేజీల సంఖ్య ఈ లెక్కతో కూడా చూసుకోండి.

రోజూ పోస్టాఫీసుకి వెళ్ళక్కర్లేదు. వారంలో రెండు రోజులు పెట్టుకుని పోస్టులోనే చెప్పేయండి, "మంగళ, శుక్రవారాల్లో పంపుతాం" అని.

మల్లెపందిరి · మంగళవారం రాత్రి 10:20

అన్నయ్యగారూ, ఇది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా అబ్బాయి "సిమ్ నాకివ్వమ్మా, పార్సిళ్ళు నేను చూస్తా" అన్నాడు. పరీక్షలున్నాయి కదరా అంటే, పాప "నేను చిరునామాలు రాస్తాను" అంది. నా పుస్తకం మీద పాప చేతిరాత ఉంటుందంటే చెప్పలేనంత బాగుంది నాకు.

ఇసుకతిన్నె (నెల్లూరు) · బుధవారం ఉదయం 8:10

అసలు ఏ ప్రచారానికి పుస్తకాలు పోతున్నాయో కూడా చూసుకోవాలి. నా మూడు నవలల అనుభవంలో నేను పెట్టిన పోస్టులకి లైకులు వచ్చాయి, ఆర్డర్లు రాలేదు. ఒక పాఠకుడు తన ఫేస్‌బుక్ గోడ మీద ఓపిగ్గా రాసిన పరిచయానికి వచ్చినన్ని ఆర్డర్లు నా పోస్టులన్నిటికీ కలిపి రాలేదు. అందుకే శ్రద్ధగా చదివి రాసేవాళ్ళకి కాపీలు పంపుతాను. రాయమని వెంటపడను.

తర్వాత పుస్తకాల పండగలు. డిసెంబర్‌లో హైదరాబాద్, జనవరి మొదట్లో విజయవాడ. స్టాల్ మొత్తం మన డబ్బుతో తీసుకోవడం వృథా. నలుగురైదుగురు కలిసి ఒకటి తీసుకోండి, లేదా తెలిసిన ప్రచురణకర్త స్టాల్లో పెట్టమని అడగండి. వంతులేసుకుని కూర్చుంటే ఇల్లు వదిలి అన్ని రోజులూ ఉండక్కర్లేదు. విజయవాడ మల్లెపందిరి గారికి దగ్గరే.

పంపిణీదారుల దగ్గర మాత్రం జాగ్రత్త. నేనొకరికి నమ్మకం మీద కట్టలు ఇచ్చాను. కమిషన్ 40 శాతం అన్నారు, సరే అన్నాను. ఏడాది దాటాక అట్టలు చిరిగిన కాపీలు వెనక్కి వచ్చాయి, అమ్మిన వాటి డబ్బు కోసం తిరుగుతూనే ఉన్నాను. ఆ తిరుగుడులో పోయిన సమయంలో ఇంకో నవలకి సగం అయ్యేది. ఎవరికిచ్చినా ఎన్ని కాపీలు, ఎంత కమిషన్, ఎప్పుడు లెక్క అన్నది కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ళున్నారు. మన దేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే చాలు.

కాలువగట్టు · బుధవారం ఉదయం 8:55

ఇసుకతిన్నె గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. రోజూ కనబడుతుంటేనే ఆ పరిచయం రాసేవాళ్ళకైనా మన పుస్తకం ఒకటి ఉందని తెలుస్తుంది. నా మొదటి పాఠకులంతా పోస్టుల ద్వారా వచ్చినవాళ్ళే.

ఇసుకతిన్నె · బుధవారం ఉదయం 9:20

మొదటి పుస్తకానికి మీ మాట నిజమే కావచ్చు. కానీ పోస్టు పెట్టాక ఎవరేమన్నారోనని గంటకోసారి చూడటం ఉంటుంది చూశారూ, సమయం అక్కడ పోతోంది. పోస్టు పెట్టడానికి ఎంతో సేపు పట్టదు.

పెరటిజామ (ప్లానో, టెక్సస్) · బుధవారం రాత్రి

ఇక్కడ పనమ్మాయి ఉండదు. డిష్‌వాషర్ ఉంది కానీ సర్దేది మనిషే. శని, ఆదివారాల్లో వారానికి సరిపడా పప్పు, రెండు కూరలు, టమాటా పచ్చడి చేసి ఫ్రిజ్‌లో పెడతాం. అందులో మా వారి వాటా సమానం. పిల్లల్ని సంగీతం క్లాసుకి, ఈతకి దింపి కారులో ఎదురుచూసే సమయమే నా రాత సమయం. కారులో గొంతుతో రాస్తాను. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుని మైకు నొక్కి చెబుతూ పోతే చాలావరకు సరిగ్గానే పడుతుంది. సంభాషణలకైతే మరీ బాగుంది, పైకి అనుకుంటూ రాస్తాం కాబట్టి కృత్రిమంగా ఉన్న మాట వెంటనే చెవికి దొరికిపోతుంది.

మల్లెపందిరి గారూ, మీ అమ్మాయి అత్తగారికి చెప్పాల్సిన జవాబుకి ఇది ప్రయత్నించి చూడండి. పాత్రలా పైకి అనండి. పిల్లలు బడికి వెళ్ళాక, వంటింట్లో అయినా సరే.

గడువు కావాలంటే అంతర్జాల పత్రికలున్నాయి. కౌముది, సంచిక లాంటివి నవలల్ని సీరియల్‌గా వేస్తున్నాయి. వేపచెట్టునీడ గారు చెప్పిన "రేపు పోస్టు ఉంది" అన్న మాట ఇంట్లో మళ్ళీ వినబడుతుంది. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వాళ్ళు నవలల పోటీ ప్రకటించినప్పుడు నేను ఆ తేదీని వంటింటి గోడ మీద అంటించాను. దాంతో నవల నా ఒక్కదాని పనిగా కాక ఇంటి పనుల్లో ఒకటైంది.

జూమ్ సమావేశాలు మాత్రం తగ్గించుకున్నాను. ఇండియా ఆదివారం పొద్దున అంటే మాకు శనివారం రాత్రి. ప్రతి పిలుపుకీ ఒప్పుకుంటే వారానికి ఉన్న ఒక్క తీరిక రాత్రీ పోతుంది.

మల్లెపందిరి · శుక్రవారం రాత్రి 9:15

అందరికీ ఒక్కొక్కరికీ జవాబు రాయాలని ఉంది. క్లుప్తంగా చెప్తాను.

కొత్త సిమ్ మా పాత ఫోన్లో వేశాం. అది అబ్బాయి దగ్గర, రాత్రి ఎనిమిది తర్వాతే తీస్తాడు. ఆయనకి సాయంత్రం వంటింటిని మొత్తంగా అప్పగించాను. నిన్న చారులో చింతపండు ఎక్కువైంది, అత్తయ్యగారు ఏమీ అనకుండా తిన్నారు. తిన్నాక నన్ను పిలిచి, "నువ్వు పొద్దున ఆ మగ్గం అమ్మాయి మాటలు పైకి అంటుంటే విన్నాను. అత్తగారు అంత మాట అన్నప్పుడు ఆ పిల్ల మాట్లాడదు, నాడె ఇంకొంచెం గట్టిగా విసురుతుంది" అన్నారు. ఆవిడ పుట్టిల్లు మంగళగిరి. పెళ్ళికి ముందు వాళ్ళింట్లో మగ్గం ఉండేదని ఇన్నేళ్ళలో నాకు చెప్పనే లేదు. ఇప్పుడు మధ్యాహ్నాలు ఆవిడ పక్కన కూర్చుని అడిగి రాసుకుంటున్నాను.

వేపచెట్టునీడ · శుక్రవారం రాత్రి 9:50

ఆవిడ చెప్పేది మీ మాటల్లోకి మార్చకుండా, ఆవిడ అన్నట్టే రాసుకోండి. వీలైతే ఫోన్లో రికార్డు చేయండి. మగ్గం మాటలు నేర్చుకుందామన్నా అన్నీ పుస్తకాల్లో దొరకవు.

పాలపిట్ట · శుక్రవారం రాత్రి 11:30

పెరటిజామ అక్కా, నాది తక్కువ ధర ఫోను. గొంతుతో రాస్తే పనిచేస్తుందా? పాప నిద్రలో ఉంటుంది, గట్టిగా మాట్లాడలేను.

పెరటిజామ · శనివారం

పనిచేస్తుందమ్మా, నెట్ ఉంటే చాలు. ఇయర్‌ఫోన్‌కి మైకు ఉంటే నోటి దగ్గర పెట్టుకుని చిన్నగా చెప్పు, పడుతుంది. ల, ళ తేడా, ఒత్తులు, వాక్యం చివర చుక్కలు అప్పటికప్పుడు దిద్దుకుంటూ కూర్చోకు. చెప్పాల్సింది మొత్తం చెప్పేసి, నీకు నువ్వే మెయిల్ పంపుకో. దిద్దడం పాప మెలకువగా ఉన్నప్పుడు కూడా చేసుకోవచ్చు.